రెండు దారులకూ ఒకే గుర్రం

పద్దెనిమిది వందల ఎనభైల చివర్లో, ఒక జ్యేష్ఠమాసంలో, నన్ను ధవళేశ్వరం నుంచి మండపేటకు దిగువనున్న ఒక కాలవ సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. సెక్షను అంటే ఒక ఓవర్సీరు బాధ్యతలో ఉండే కాలవలు, గట్లు, తూములు, లాకులు అన్నీ కలిపి. నా కింద గట్ల వెంట తిరుగుతూ కాపలా కాసే లస్కర్లు ఉండేవారు. నా పైన సూపర్‌వైజరు గారు, ఆయన పైన సబ్ డివిజను చూసే ఇంజనీరు దొర.

ఈ రోజుల్లో ఉద్యోగంలో చేరేవాళ్ళకు చిత్రంగా తోచవచ్చు గాని, ఆ హోదాకు వచ్చినవాడు మొట్టమొదట చేయవలసిన పని గుర్రాన్ని కొనుక్కోవడం. సబ్ ఓవర్సీరుగా ఉన్నంతకాలం నడిచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. ఓవర్సీరు మాత్రం సొంత గుర్రం ఉంచుకుని తీరాలి. రెండు గుర్రాల్ని మేపే తాహతు మాలో ఎవరికీ ఉండేది కాదు.

నా సెక్షనుకు ఒక్క గుర్రం సరిపోవడం కష్టం. సగం కంకర రోడ్డు వెంబడి పోతుంది. మిగతా సగం ఏటిగట్టు. దాని మీద వానపడితే నల్లమట్టి జిగురులా పట్టుకుంటుంది, బండి ఇరుసు దాకా దిగబడుతుంది. ఈ రెండింటి మధ్య పెద్దకాలవ. దాన్ని బల్లకట్టు మీద దాటాలి. దొరగారు తనిఖీకి వచ్చినప్పుడు రోడ్డు మీద గుర్రాన్ని వేగంగా నడిపిస్తూనే మైలురాయి దగ్గరల్లా ఏదో ఒకటి అడుగుతారు. వెనకబడిన ఓవర్సీరు జవాబు చెప్పలేడు. అలాగని ఏటిగట్టు మీదికి సమయానికి చేరకపోతే పోయేది జవాబు కాదు, ఊళ్ళు. నాకు ముందున్నాయన గుర్రం మంచి ఎత్తైనది. ఒక వరదలో అది బురదలో కూరుకుపోతే ఆయన దిగి నడిచి వెళ్ళారట. చేరేసరికి గట్టుకు గండి పడింది. రెండు ఊళ్ళ ఆకుమళ్ళు ఇసుక కింద పోయాయి. ఆయన్ని ఎక్కడికో మార్చి ఆ ఖాళీలో నన్ను వేశారు.

సూపర్‌వైజరు గారు నాకో తెల్లగుర్రాన్ని చూపించారు. సెలవు మీద ఓడెక్కి సీమకు, ఇంగ్లండుకు, పోతున్న ఒక దొరది. రోడ్డు మీద ఎక్కి చూశాను. అంత సుఖమైన స్వారీ నేను ఎరగను. జీను మీద కూర్చుని ఉత్తరం రాసుకోవచ్చు అనిపించింది. అదే గుర్రాన్ని తడిసిన గట్టు మీదికి తీసుకుపోతే, ముందుకాలు దిగబడగానే బెదిరి గిర్రున వెనక్కి తిరిగింది. నేను గట్టు వాలులో పడ్డాను. మర్నాడు మండపేటలో ఒక జట్కాయన దగ్గర పొట్టి తట్టు గుర్రాన్ని చూశాను. అది బురదలో మేకలా నడిచింది గాని, రోడ్డు మీద దాని చిన్న చిన్న అడుగులతో దొరగారి పక్కన ఫర్లాంగు దూరం కూడా నిలవలేదు.

ఆ జట్కాయనే యోహాను గారి సంగతి చెప్పాడు. ఆయన క్రైస్తవ మిషనులో ఉపదేశి, ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవారు. తొమ్మిదేళ్ళపాటు రోడ్డు పక్క ఊళ్ళకూ, గట్ల అవతలి పేటలకూ ఒకే ఆడగుర్రం మీద తిరిగారు. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు ఒకే ఊళ్ళో బడి చెప్పుకుంటున్నారు. గుర్రం ఊరికే ఉంది.

వెళ్ళి చూశాను. గోధుమరంగుది, తెల్లగుర్రం కన్నా జానెడు పొట్టి. మెడ కొంచెం లావు, చూడటానికి ఏమంత అందంగా లేదు. దాని పేరు చిట్టి. యోహాను గారు ముందు నా పని గురించి అడిగారు, ఏ దారుల్లో తిరుగుతానో అడిగారు. తరవాత కర్ర పట్టుకుని కుంటుతూ నాతో గట్టు దాకా వచ్చారు. నేను కళ్ళెం బిగించి పట్టుకుని దాన్ని బురదలోకి నడిపించబోతే ఆపారు.

"కళ్ళెం వదులు చెయ్యండి బాబూ. ఎటు పోవాలో మీరు చెప్పండి, ఎక్కడ అడుగెయ్యాలో దానికి వదిలెయ్యండి" అన్నారు.

వదిలాను. అది తల దించి, ముందుకాలితో నేలను ఒకసారి నొక్కి చూసుకుని, బరువు వేసింది. దిగబడ్డ చోట కంగారు పడకుండా ఆగి, కాలు లాక్కుని పక్కకు వేసింది. రోడ్డు మీద తెల్లగుర్రమంత సుఖం లేదు. కాని పొడవుగా ఊగే నడక ఒకటి ఉంది దానికి, మూడు మైళ్ళు పోయినా ఆ నడక మారలేదు.

దిగగానే యోహాను గారు దాని లోపం కూడా చెప్పారు. అది బల్లకట్టు ఎక్కదు. ఆయన ఎప్పుడూ కాలవను ఎగువన లాకు వంతెన మీదుగా చుట్టు తిరిగి దాటేవారు. "మీకు అంత తీరిక ఉండదు. ఆలోచించుకుని రండి" అన్నారు.

ఆలోచించుకోవడానికి అదొక్కటే కారణం కాలేదు. విషయం తెలిసి సూపర్‌వైజరు గారు, ఉపదేశి ఎక్కి తిరిగిన తట్టు మీద ఓవర్సీరు ఊరేగడమేంటని కచేరీలో నలుగురి ముందూ అన్నారు. యోహాను గారు ఏ పేట నుంచి వచ్చినవారో అందరికీ తెలుసు. ఆ మాట గుర్రం గురించి కాదు, కులం గురించని నాకూ అర్థమైంది. ఆ మాట నన్ను రెండు రోజులు ఆపిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. మూడో రోజు వాన పట్టింది. గట్టు వాలులో పడ్డప్పటి నడుము నొప్పి ఇంకా తగ్గలేదు. వెళ్ళి చిట్టిని తెచ్చుకున్నాను.

బల్లకట్టు నడిపేది నూకాలమ్మ, ఆమె పెనిమిటి. పల్లెకారులు. ఉదయం చేపల గంప అమ్ముకొచ్చి పగలంతా రేవులో ఉండేది నూకాలమ్మ. మొదటి రోజు చిట్టి బల్ల మీద ఒక కాలు వేసి, వెంటనే వెనక్కి తీసుకుని, నన్నూ లాక్కుని ఒడ్డెక్కేసింది. నేను నీళ్ళకు భయపడుతోందని కళ్ళకు గుడ్డ కట్టబోయాను. నూకాలమ్మ వద్దంది.

"అది నీళ్ళకు బెదరట్లేదండి. గిట్ట పెట్టగానే బల్ల డొల్లగా మోగుతోంది కదా, ఆ మోతకి బెదురుతోంది."

ఆమె తడిపిన వరిగడ్డిని బల్ల మీద మందంగా పరిచింది. మోత తగ్గింది. చిట్టి ఎక్కి, వణుకుతూనే నిలబడింది. ఆ రోజు బల్లకట్టును కదపలేదు. రోజూ పనికి పోయేముందు ఒక గంట రేవులో గడిపేవాణ్ణి. కొంచెం కొంచెంగా గడ్డి తగ్గించుకుంటూ వచ్చాం. ఆషాఢం సగమయ్యేసరికి ఉత్త బల్ల మీద కాలవ దాటింది. ఆ రోజు నూకాలమ్మ దాని మెడ నిమిరి, ఇంక మా మనిషేనండి అంది.

శ్రావణంలో గోదావరి పొంగింది. మూడో రోజు పొద్దున్న నేను లాకు బంగళాలో చద్దన్నం తింటుండగా అప్పన్న అనే లస్కరు మోకాలిదాకా బురదతో వచ్చాడు. ఏటిగట్టు తూము పక్కన, గట్టుకు ఊరివైపు ఊట పడిందన్నాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ రంగు గురించి. గట్టుకు ఊట కొత్త కాదు. తేటనీరు వస్తే కాపలా పెడితే చాలు. నీళ్ళు మట్టి రంగులో వస్తే, గట్టు లోపల మన్ను కరిగి కొట్టుకొస్తోందని అర్థం.

"ఎర్రగా వస్తోందండి" అన్నాడు అప్పన్న.

రోడ్డు మీద నాలుగు మైళ్ళు, తరవాత బల్లకట్టు, తరవాత గట్టు మీద అయిదు మైళ్ళు. కాలవ పొంగి బల్లకట్టు ఊగుతున్నా చిట్టి చెవులు వెనక్కి పెట్టి నిలబడింది గాని కదల్లేదు. గట్టు మీద కళ్ళెం వదిలేశాను. ఒక చోట గట్టు పైభాగమే జారిపోయి మూరెడు వెడల్పు మిగిలింది. దిగి నడవాలా అనుకునేలోపే అది తల దించి, నేలను నొక్కుకుంటూ దాటేసింది. 

తూము దగ్గర ఊరివాళ్ళు అప్పటికే పోగయ్యారు. ఊట నోరు చెయ్యి పట్టేంత ఉంది. వాళ్ళు దాన్ని మట్టితో పూడ్చబోతున్నారు. అందరూ చేసే పొరపాటు అది. ఒక చోట మూస్తే నీరు ఇంకో చోట పొడుచుకొస్తుంది. చెయ్యవలసింది ఊట చుట్టూ చిన్న చుట్టుగట్టు వేసి, అందులో నీటిని నిండనివ్వడం. లోపల నీటి మట్టం పెరిగిన కొద్దీ దాని బరువు ఊటను అదుపులో పెడుతుంది, మన్ను కదలడం ఆగుతుంది. వాళ్ళకు అది చూపించి మొదలుపెట్టించాను. కాని బురదతో వేసిన చుట్టుగట్టు నిలవదు. ఇసుక గోతాలు కావాలి. అవి రోడ్డు పక్క డిపోలో ఉన్నాయి, ఓవర్సీరు స్వయంగా వచ్చి సంతకం చేస్తే గాని తాళం తియ్యరు.

మళ్ళీ వచ్చిన దారినే రేవు దాకా వెనక్కి. అక్కడి నుంచి డిపోకి కంకర రోడ్డు మీద ఆరు మైళ్ళు. అప్పటికే బురదలో పది మైళ్ళు నడిచిన గుర్రం అది. మామూలు గుర్రమైతే రోడ్డు ఎక్కగానే చతికిలబడాలి. చిట్టి తన పాత నడకలో పడి, ఒక్కసారి కూడా ఆగకుండా నన్ను చేర్చింది. గోతాల్ని బండ్ల మీద కాకుండా పడవ మీద కాలవలో పంపించాను. పడవ రేవు చేరేసరికి అక్కడ నూకాలమ్మ, ఆమె పెనిమిటి, సంగతి తెలిసి వచ్చిన వాళ్ళ పేటలోని మగవాళ్ళు కాచుకుని ఉన్నారు. గోతాల్ని తలల మీద మోసుకుని నాతోపాటు గట్టు వెంట తూము దాకా నడిచారు.

పొద్దువాలేసరికి చుట్టుగట్టు నడుము ఎత్తు లేచింది. లోపలి నీరు ఎర్రగా కాసేపు తిరిగింది. అప్పన్న దోసిలిలో నీళ్ళు తీసి నాకు చూపించాడు. ఆ దోసిలిలో అతని అరచేతి గీతలు కనిపించాయి. నీరు తేటపడింది. ఊరివాళ్ళు గట్టు మీదే కూలబడి, ఎవరో తెచ్చిన అటుకులు పంచుకుని తిన్నారు. నాకూ ఇచ్చారు. వారం తరవాత వరద తీసింది. ఆ ఊళ్ళలో ఆ యేడు నాట్లు వేళకు పడ్డాయి.

దొరగారు తనిఖీకి వచ్చి చుట్టుగట్టును కొలిపించి, దాన్ని అలాగే ఉంచమన్నారు. తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద నేను ఆయనకు రెండు గజాలు వెనకబడే ఉన్నాను. చిట్టికి అంతకన్నా వేగం రాదు. ఆయన అడిగినవి వినపడ్డాయి, జవాబులు చెప్పగలిగాను.  ఆ చలికాలంలో సూపర్‌వైజరు గారు, యోహాను గారికి తెలిసిన గుర్రాలు ఇంకేమైనా ఉన్నాయేమో కనుక్కోమని నన్ను అడిగారు. మీరే వెళ్ళి అడగండి అన్నాను. వెళ్ళారు.

ఆ తరవాత నా చేతి మీదుగా చాలా వస్తువులు ఎంచుకున్నాను, తూము తలుపుల నుంచి కొలత గొలుసుల దాకా. మనుషుల్నీ ఎంచుకున్నాను. రెండు రకాల పనికి ఒకటే దొరికేటప్పుడు, అది ఏ పనిలో మిన్న అని అడగడం మానేశాను. ఏ పనిలో ఎక్కడ ఆగిపోతుందని ముందు అడిగేవాణ్ణి. ఆగిపోయే చోటు తెలిస్తే, అది నేర్పి సరిచేయగలిగినదో కాదో చూసుకోవచ్చు. బల్లకట్టు భయం నేర్పితే పోయింది. తెల్లగుర్రానికున్న బురద భయం నేర్పితే పోయేది కాదు.