గాలి లేని రోజు ఓడ

కాకినాడ రేవులో మావారు ఓడలు కట్టేవారు. ఓడ జెట్టీకి ఆనగానే పైనుంచి దించిన లావుపాటి మోకులను గట్టు మీది ఇనుప గుంజలకు తగిలించడం, వెళ్ళేటప్పుడు విప్పడం, మధ్యలో అవి బిగిసినా వదులైనా చూసుకోవడం ఆ పని. తుఫాను కబురు వింటే నాకు ముద్ద దిగేది కాదు. బడికి వెళ్ళినదాన్ని కాదు, నాన్నగారు ఇంట్లో దిద్దించిన అక్షరాలతో స్తోత్రాలు చదువుకుంటూ కూర్చునేదాన్ని. పెద్ద గాలికి ముందే ఓడలను సముద్రంలోకి పంపేస్తారనీ, అప్పుడు జెట్టీ మీద ఎవరూ ఉండరనీ పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు గాని తెలియలేదు.

ఆ ఏడు తుఫాను మా వైపు రాకుండా ఉత్తరానికి పోయింది. మర్నాడు తెల్లగా ఎండ కాసింది. కొబ్బరాకు కూడా కదలడం లేదు. గట్టెక్కించావు స్వామీ అని దణ్ణం పెట్టుకుని క్యారేజీ సర్దుతున్నాను.

"ఇవాళే ఉంది ఓడతో గోల," అన్నారాయన.

"గాలే లేదు కదండీ!"

"గాలి ఎక్కడో కొట్టిందే. అది లేపిన అల మన దాకా వచ్చేసరికి నున్నగా, పొడుగ్గా అయిపోద్ది. కంటికి ఆనదు. ఓడ మాత్రం జెట్టీ వెంబడే ముందుకీ వెనక్కీ జరుగుద్ది. జరిగినప్పుడల్లా ఏదో ఒక మోకు బిర్రబిగుసుకుంటాది."

"అంత ఓడని ఎవరు తోస్తారండీ?"

"ఉయ్యాలబల్లని పసిపిల్ల తోసినా ఊగదేంటి? వేళకి తగిలితే చిన్న తోపు చాలు. మీ స్వామికి చెప్పు, ఇవాళ కాస్త ఊపడం ఆపమని."

"తప్పండీ," అని లెంపలేసుకుంటూనే నవ్వాను.

మధ్యాహ్నం ఆయనతో పనిచేసే కళాసీ ఒకతను ఆటోలో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వదినగారూ, ఓడ ముందుకెళ్ళిందండి. వెనక మోకు తెగిపోయిందండి."

"తెగితే ఇంకోటి కడతారు కదా బాబూ," అన్నాను.

అతను నా వంక చూసి ఏడ్చాడు.

తెగిన మోకు కొరడాలా వెనక్కి వచ్చి ఆయన నడుం మీద కొట్టింది. రాజమండ్రి తీసుకెళ్ళాం. వెన్నుపూస చితికిందన్నారు. కాళ్ళలోకి స్పర్శ వస్తే రావచ్చు, లేకపోతే లేదు, రోజూ అరికాలు నొక్కి అడుగుతూ ఉండమన్నారు. చూడవచ్చినవాళ్ళంతా "మనిషి దక్కాడు, అదే పదివేలు" అన్నారు. నేనూ అవునన్నాను. కంచంలో పిడికెడు మెతుకులకు కూడా దణ్ణం పెట్టుకునే నాకు, ఆ మాట మాత్రం లోపలికి దిగలేదు.

ఇంటికి తెచ్చాక రోజూ పొద్దున్నే అడిగేదాన్ని. "తెలుస్తోందాండీ?"

"లేదే."

వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. ఆ మాట అనడానికి ఆయనకూ, వినడానికి నాకూ ఓపిక పోయింది. గోడవైపు మొహం తిప్పుకునే జవాబు చెప్పేవారు.

ఒకరోజు దుప్పటి తీసి, పాదాల దగ్గర కూర్చుని, అలవాటు కొద్దీ ముందే అడిగేశాను. "తెలుస్తోందాండీ?"

"తెలుస్తోందే," అన్నారు గోడతో. "నీ చెయ్యి చల్లగా ఉంది."

నేనింకా చెయ్యి వేయలేదు.

"నీ దయ తండ్రీ," అన్నాను, ఆయనకు వినబడేలా.