ఆ డబ్బా కోసింది నేనే

తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న రోజులవి. నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. తార్నాకలో మా అత్తమ్మ ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్ డబ్బాలో నా కొత్త మదర్‌బోర్డు పట్టలేదు. హాక్సా బ్లేడుతో లోపలి రేకు కోసి, కొత్త రంధ్రాలు వేసి బిగించాను. ఫ్లాపీ పెట్టేచోట మిగిలిన కంతకు 'జై తెలంగాణ' స్టిక్కర్ అంటించాను.

దాన్ని ఆటోలో హాస్టల్‌కు తెస్తుంటే క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు ఆపారు. ఒక కానిస్టేబుల్ స్టిక్కర్ పీకి కంతలోకి తొంగిచూశాడు.

"లోపల ఏమున్నది? ఏ పోరడు పంపిండు?"

"ఎవరూ పంపలే సార్. కంప్యూటర్. నేనే కోసి చేసుకున్న."

"ఆడపిల్లవు, నువ్వు రేకు కోసినవా? వాని పేరు చెప్పు, నిన్ను వదిలేస్త."

ఒళ్లు మండిపోయింది. బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, రోడ్డు పక్కనే కూర్చుని మొత్తం విప్పాను. అతని కళ్లముందే మళ్లీ బిగించాను. ఒక్క స్క్రూ కూడా కింద పడనివ్వలేదు.

"మంచిగనే చేసినవ్. ఎవడు నేర్పిండు, వాని పేరేంది?" అన్నాడు.

తెలంగాణ వచ్చింది. ఆ డబ్బా మా ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. అంతసేపూ అసలు లేనే లేని పోరడి పేరు అడిగాడు గాని, నా పేరు ఒక్కసారీ అడగలేదు.