గుసగుస చేతకాని పెదనాన్న

మా పెదనాన్న పోయారు. ఈ వార్త మా ఊళ్లో చాలామందికి ఫోన్లో కాదు, నిశ్శబ్దంలో తెలిసింది. ఆయన రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని పేపరు చదివేవారు. చదివేవారంటే మీరూ నేనూ చదివినట్టు కాదు. ఢిల్లీ సంగతుల దగ్గర్నుంచి పెసల ధర దాకా వీధంతా వినాల్సిందే. మా వీధిలో పేపరు వేయించుకునే ఇల్లు అదొక్కటే. వార్తలు తెలియని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఆ రోజు వార్తలు రాలేదు. ఎదురింటావిడ చేతిలో చీపురుతోనే వచ్చి, "ఏంటమ్మా, ఇవాళ పేపరు రాలా?" అని మా పెద్దమ్మని అడిగింది. పేపరు వచ్చింది. చదివే మనిషే నిద్రలో వెళ్లిపోయారు. ఆయన చప్పుడు చెయ్యకుండా చేసిన పని అదొక్కటేనని పెద్దమ్మ తర్వాత అంది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మితభాషి, మృదుభాషి అని రాయడం ఆనవాయితీ. ఆ రెండు మాటలూ ఇక్కడ వాడే అవకాశం నాకు లేదు. పాఠకులు మన్నించాలి.

జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా విజయవాడ వెళ్లే ఎర్రబస్సులో ఆయన కండక్టరు. ఇంజను మోత, కిటికీల గలగల, మిరపకాయ బస్తాల పక్కన కూర్చున్నవాళ్ల తుమ్ములు, వీటన్నిటి మీదుగా "చిల్లకల్లు దిగేవాళ్లు రండి" అన్న మాట ఆఖరి సీటు దాకా చేరాలి. చేరకపోతే ఏ ముసలావిడో నందిగామలో దిగి లబోదిబోమంటుంది. వెనక సీటువాడికి వినపడకపోతే చెప్పనట్టే లెక్క అనేవారు. అలా ఆ గొంతు స్థిరపడిపోయింది. రిటైరైన రోజున టికెట్ల మిషను డిపోలో అప్పగించి వచ్చారు గానీ గొంతు అప్పగించలేదు.

పెద్దమ్మది వీణ లాంటి గొంతు. పెళ్లిచూపుల కథ ఆవిడే చెప్పేది. "విడిగా మాట్లాడాలని పెరట్లోకి పిలిచారయ్యా మీ పెదనాన్న. మేమేం మాట్లాడుకున్నామో ముందుగదిలో కూర్చున్న మా నాన్న నాకు తిరిగి అప్పజెప్పాడు."

ఈ గొంతు వల్ల నష్టపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. డిగ్రీలో నాకొక సబ్జెక్టు పోయింది. నందిగామ బస్టాండులో ఎవరో పాత స్నేహితుడు కనిపించి నా చదువు గురించి అడిగితే, "మావాడికి ఒక్కటేనండీ పోయింది, మిగతావన్నీ ఉన్నాయి" అని పెదనాన్న గర్వంగా ప్రకటించారు. కంచికచర్ల బస్సెక్కుతున్నవాళ్లు కూడా ఒక కాలు మెట్టు మీద ఉంచి నావంక చూశారు. ఆ పోయిన సబ్జెక్టు రాజనీతిశాస్త్రం. తర్వాత పట్టుబట్టి అందులోనే ఎం.ఏ. చేశాను. పగ తీర్చుకోవడం మా వంశాచారం.

ఎం.ఏ. పరీక్షలకి నేను ప్రజాస్వామ్య సంస్థల పటిష్ఠత మీద, వర్ధమాన దేశాల్లో అవినీతి నిర్మూలన మీద పెద్ద పెద్ద వ్యాసాలు బట్టీ పడుతుంటే ఆయన శ్రద్ధగా వినేవారు. పారదర్శకత అన్న మాట ఆయనకి బాగా నచ్చింది. కొన్నాళ్లు కళ్లజోడు తుడుచుకుంటూ కూడా ఆ మాట అన్నారు. ఒకసారి మాత్రం, "లంచం అడిగేవాడు గొంతు పెంచి అడగలేడురా అబ్బాయ్. ఆ ముక్క కూడా రాయి" అన్నారు. రాశాను. మార్కులు పడలేదు.

అయినా ఆ ముక్క నిజమేనని నా కళ్లారా చూశాను. ఎదురింటావిడకి భర్త పోయాక పింఛను కాగితాల పని నందిగామలో ఒక ఆఫీసులో ఆగిపోయింది. ఏ ఆఫీసో చెప్పను, చెప్తే మిగతా ఆఫీసులవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఆవిడకి తోడుగా పెదనాన్నా, పెదనాన్నకి తోడుగా నేనూ వెళ్లాం. బల్ల వెనక ఉన్నాయన ఫైలు మూసి, ముందుకి వంగి, పెదాలు కదిలీ కదలనట్టు ఏదో అన్నాడు. పెదనాన్న మొహంలో కోపం లేదు. బస్సులో ప్రయాణికుడి మీద చూపించే మర్యాదంతా చూపించారు.

"కాస్త వినపడేలా చెప్పండి సార్. ఈ వెనక లైన్లో ఉన్నోళ్లందరిదీ ఇదే పనంట. మీరొక్కసారి చెప్తే అందరూ వింటారు, మళ్లీ మళ్లీ చెప్పే శ్రమ ఉండదు మీకు."

వరండాలో ఉన్నవాళ్లు కూడా లోపలికి తొంగి చూశారు. పక్కగదిలోంచి పెద్ద అధికారి బయటికొచ్చాడు. బల్ల వెనకాయన ఏమీ లేదండీ, సోమవారం రమ్మంటున్నానంతే అన్నాడు. సోమవారం దేనికి సార్, ఇప్పుడే ఉన్నాంగా అన్నారు పెదనాన్న, అదే గొంతుతో. పని ఆ పూటే అయింది. వెనక లైన్లోవాళ్ల పనులు కూడా అయ్యాయి. బయటికొచ్చాక అందరూ ఆయనకి దణ్ణాలు పెడుతుంటే, నేనేం చేశానండీ, అడిగాను అంతేగా అంటూ సోడా తాగారు.

ఇక అసలు సంగతి. మా పేటకీ సమాధుల తోటకీ మధ్య ఒక వాగుంది. ఎండాకాలం మేకలు పడుకుంటాయి. వానాకాలం మనుషులు మునుగుతారు. మా నాయనమ్మ వానల్లోనే పోయింది. శవపెట్టెని తలల మీద పెట్టుకుని వాగులో దిగితే నీళ్లు నడుం దాకా వచ్చాయి. మధ్యలో ఎవరిదో కాలు జారి పెట్టె ఒక పక్కకి ఒరిగింది. పడిపోకుండా భుజం ఆనించింది పెదనాన్నే. ఆ రోజు ఇంటికొచ్చి తడిబట్టలతోనే వరండాలో కూర్చున్నారు. పేపరు పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. చివరికి నాతో అన్నారు: "అమ్మని తడిపాంరా. నేను పోయేలోగా ఆ వాగు మీద వంతెన పడాలి. నేను తడిసినా పర్లేదు, నన్ను మోసేవాళ్లు జారిపడకూడదు."

వంతెన కావాలంటే గ్రామసభలో అడగాలి. మా ఊళ్లో గ్రామసభ ఒక విచిత్రమైన ఉత్సవం. జనం రారు, సంతకాలు వస్తాయి. టీకొట్టు దగ్గర సంతకం పెట్టేసి ఎవరి పొలానికి వాళ్లు పోవడం రివాజు. అధ్యక్ష స్థానంలో సర్పంచ్ గారి భర్త కూర్చుంటారు. గెలిచింది ఆవిడే అయినా ఊరంతా ఆయన్నే సర్పంచ్ గారూ అనేది. ఆవిణ్ణి సర్పంచ్ గారి భార్య అనేది.

పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని ఆ సభకి వెళ్లారు. ఇంజనీరు గారు పనుల వివరాలు చదువుతున్నారు, లాలిపాటలా. మధ్యలో ఒక్క మాట నా చెవిన పడింది. పడింది గానీ నమ్మబుద్ధి కాలేదు. పెదనాన్న లేచి నిలబడి, కిటికీ వైపు తిరిగి, బయట బళ్ల మీద కూర్చున్నవాళ్లకి స్టాపు పేరు చెప్పినట్టు చెప్పారు.

"మన వాగు మీద వంతెన పూర్తయిందంటయ్యోయ్."

బయటున్నవాళ్లంతా లోపలికొచ్చారు. ఇద్దరు ముగ్గురు నిజంగానే వాగు వైపు పరిగెత్తారు. మా ఊళ్లో శుభవార్తలు తక్కువ, పాపం. ఇంజనీరు గారు నీళ్లు తాగారు. సర్పంచ్ గారి భర్త లేచి, అవన్నీ మేం చూసుకుంటాం, మీరు కూర్చోండి అన్నారు. పెదనాన్న ఆయన వంక జాలిగా చూశారు.

"టికెట్టు అమ్మగారి పేరు మీదుందండీ. సీట్లో మీరు కూర్చున్నారేంటి?"

అంతా గొల్లుమన్నారు. మూలన స్టూలు మీద కూర్చున్న సర్పంచ్ గారు, నవ్వకూడదని ఎంత ఆపుకున్నా ఆగక, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ సాయంత్రం మేమిద్దరం ఆలోచించాం. సభ పంచాయతీ ఆఫీసులోనే పెట్టాలని రూలేమైనా ఉందా అని ఆయన అడిగారు. నేను చదివినంతలో లేదు పెదనాన్నా, ఊరు ఎక్కడ కావాలంటే అక్కడ అడగొచ్చు అన్నాను. అయితే వంతెన మీద పెట్టిద్దాం అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చెప్పులేసుకుని సర్పంచ్ గారింటికి వెళ్లారు, నేను వెనకాల. ఆవిడ భర్త సమాధానం చెప్పబోతే ఆవిడే గుమ్మంలోకి వచ్చింది. "అక్కడే పెడదాం పెద్దాయనా. కాగితం మీద ఉంది కదా వంతెన. మోస్తదో లేదో చూద్దాం." పదవిలోకి వచ్చాక ఆవిడ సొంతంగా ఇచ్చిన మొదటి ఉత్తర్వు అదేననుకుంటాను.

ఆ విధంగా చరిత్రలో మా ఊరికి దక్కాల్సిన స్థానం దక్కింది. సభ వాగులో జరిగింది. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. చర్చి నుంచి తెచ్చిన నీలం కుర్చీలు వాగుకి అడ్డంగా వరసగా వేశారు. ఒక కుర్చీ సభ నుంచి వాకౌట్ చేసి దిగువకి కొట్టుకుపోయింది. ఊరు ఊరంతా వచ్చింది. పెదనాన్న నీళ్లలో అటూ ఇటూ తిరుగుతూ, సర్దుకోండి, లోపలికి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది అంటూ అందరినీ కూర్చోబెట్టారు. ఇంజనీరు గారు మాత్రం ఒడ్డునే ఆగిపోయారు.

"అక్కడ నిలబడ్డారేంటి సార్? వంతెన మీదకి రండి" అన్నారు పెదనాన్న.

"బూట్లు తడుస్తాయండి."

"వంతెన మీద బూట్లెందుకు తడుస్తాయండీ?"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇంజనీరు గారికి కూడా నవ్వొచ్చింది, ఆయన్నీ ఏమీ అనకూడదు. అప్పుడు సర్పంచ్ గారు తన కుర్చీలోంచే అడిగారు, కట్టారా, కట్టలేదా అని. ఇంజనీరు గారు తలొంచుకుని ఏదో గొణిగారు. అది అందరికీ చేరవేద్దామని పెదనాన్న గొంతు సవరించుకున్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మీరుండండి పెద్దాయనా. ఆయన నోటితోనే చెప్పనివ్వండి. గట్టిగా చెప్పండి సార్, ఒడ్డున ఉన్నోళ్లకి వినపడాలి."

"కట్టలేదండి" అన్నారు ఇంజనీరు గారు. అందరికీ వినపడింది.

పెదనాన్న కూర్చున్నారు. పంచె నీళ్లలో తేలుతోంది. ఇంక తన గొంతుతో ఈ ఊరికి పని లేదని అర్థమై అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత విచారణకి పైనుంచి మనుషులొచ్చారు. వెళ్లారు. మళ్లీ వచ్చారు. చివరికి ఒక ఎండాకాలం కంకర, సిమెంటు కూడా వచ్చాయి. పెదనాన్న గొడుగేసుకుని రోజంతా అక్కడే నిలబడి, సిమెంటు కలిపేవాళ్లకి పేపరు చదివి వినిపించారు. వాళ్లు పని త్వరగా ముగించడానికి అదొక కారణమని నా అనుమానం. వంతెన చిన్నదే. పిట్టగోడకి రంగు ఇంకా వెయ్యలేదు. దేశంలో అవినీతి అంతమైందని నేను రాయబోవడం లేదు, మా ఊళ్లోనే కాలేదు. కానీ ఇప్పుడు గ్రామసభకి కుర్చీలు చాలట్లేదు. సర్పంచ్ గారు కూర్చోవాల్సిన చోట సర్పంచ్ గారే కూర్చుంటున్నారు. ఆవిడ భర్త బయట బండి దగ్గర నిలబడి, ఇంకా ఎంతసేపు అని ఫోను చేస్తుంటారు.

పెదనాన్న కూడా వానల్లోనే పోయారు. చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టె ఎత్తుకుని బయల్దేరేసరికి వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని ఎర్రగా పోతోంది. దాని దగ్గరికి రాగానే అందరం ఆగాం, ఎవరూ ఆగమని చెప్పకుండానే. మగవాళ్లు అలవాటుగా వంగి ప్యాంట్లు మోకాళ్ల పైకి మడుచుకున్నారు. ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్నారు. పాస్టరు గారు తెల్ల అంగీ అంచు పిడికిట్లో పట్టుకున్నారు. పెట్టె మోస్తున్నవాళ్లం కూడా ఒకరి తర్వాత ఒకరం చెప్పులు విడిచి ఒక చేత్తో పట్టుకున్నాం. అప్పుడు వంతెన ఎక్కాం.

కింద నీళ్లు హోరుమంటున్నాయి. పైన పొడి సిమెంటు మీద ఊరంతా మోకాళ్ల దాకా బట్టలెత్తుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, జాగ్రత్తగా అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. అవతలి ఒడ్డు చేరేదాకా ఎవరూ దించుకోలేదు.