ఎదురింటి ఆంటీ ఎర్ర నీళ్ళు

లిఫ్టు పాడైందన్న మెసేజికీ, ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న మెసేజికీ మధ్యన, మా కాండో అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపులో ఎదురింటి ఆంటీ పోయిందన్న వార్త వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. "బంగారంలాంటి మనిషి" అని ఒకరు, "ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు" అని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండిపోయింది. పల్లెత్తు మాటా? ఈ మలేషియా సైబర్‌జయలో ఆ నోటికి జడవని మనిషి ఒక్కరుంటే నాకు చూపించండి. పోయినావిడ గురించి నాలుగు మాటలు రాయాలంటే అబద్ధాలతోనే మొదలుపెట్టాలా?

అసలు నా మంట వేరు. ఎనిమిది నెలలుగా మాకు మాటల్లేవు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. ఆ అవకాశం ఇవ్వకుండా, తగువు తగువుగానే వదిలేసి చక్కా పోయింది. అదీ మొండితనమే అనిపించింది.

ఆవిడ ఈ దేశంలోనే, తెలుక్ ఇంటాన్‌లో పుట్టింది. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి తోటల ఎస్టేటుకు గుమాస్తాగా వచ్చారట. భర్త పోయాక, కొడుకు పినాంగ్‌లో ఉండిపోతే, ఒక గది అద్దెకిచ్చింది. మెక్సికో నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక పిల్ల అందులో దిగింది. అంతలో లాక్‌డౌన్ వచ్చి ఇద్దరూ ఇంట్లో బందీలైపోయారు. ఆ పిల్లకి ఇంటి మీద బెంగ. బెంగ తీరడానికి వాళ్ళ ఊరి పానీయాలు చేసుకునేది. పుచ్చకాయ నీళ్ళు, చింతపండు నీళ్ళు, బియ్యం నానబెట్టి దాల్చినచెక్కతో రుబ్బి వడగట్టిన తెల్లటి నీళ్ళు, రోసెల్ కాయలు మరిగించిన ఎర్ర నీళ్ళు. ఆంటీ పక్కన నిలబడి అన్నీ నేర్చుకుంది. పిల్ల వెళ్ళిపోయాక కూడా ప్రతి ఆదివారం చేసి మా అంతస్తులో అందరికీ పంచేది.

నేను కాకినాడ నుంచి వచ్చిన మొదటి ఆదివారం తలుపు తట్టి గ్లాసు చేతిలో కుక్కింది.

"తాగు. మొగమేటి అలగ ఎండిపోనాది?"

తాగాను. తెలిసిన పులుపు! "ఇది మా ఎర్ర గోంగూర కాయ కదండీ" అన్నాను సంబరంగా.

"మీది మాది ఏటి? సెట్టుది లా. లోపలికి రా, నాకు నాలిక కావాల."

ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ఆ 'లా' తగిలించడం ఆవిడ అలవాటు. నాలుక ఎందుకంటే, ఆవిడకు షుగరు. ఇక జన్మలో చక్కెర నోట్లో పెట్టనని కొడుక్కి మాటిచ్చింది. అంతకు ముందు తీపి చూసిపెట్టేది ఆ మెక్సికో పిల్ల. తర్వాత ఆ ఉద్యోగం నాకొచ్చింది. నాలుగేళ్ళు చేశాను. కాయ చీల్చి గింజ తీసేయాలి, రేకులు దాల్చినచెక్కతో మరిగించాలి, చల్లారాక గుడ్డలో వడగట్టాలి, సరిపడా నీళ్ళు కలపాలి. అప్పుడు చెంచా పట్టుకుని నా ముఖంలోకి పోలీసులా చూసేది.

"సాలా?"

"ఇంకొంచెం ఆంటీ."

"ఇంకొంచెమేటి? ఎన్ని సెంచాలో సెప్పు!"

నేను ఐసు ముందే పోస్తే తిట్టు. పుచ్చకాయ గింజలతో సహా మిక్సీలో వేస్తే తిట్టు. "పండు ముందు పలకాల, పంచదార ఎనకాల పలకాల" అని ఆవిడ సిద్ధాంతం. కన్నతల్లి కూడా నన్ను అన్ని తిట్లు తిట్టలేదు. అయినా ఆదివారం పదయ్యేసరికి నా కాళ్ళు ఆ గుమ్మంలోకే వెళ్ళేవి. కొత్త దేశంలో నేను ఎలా ఉన్నానో, తిన్నానో లేదో పట్టించుకున్నది ఆ ఒక్క నోరే. ఆ మాట ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు, అదొక ఏడుపు.

ఇక ఉగాది సంగతి. మా తెలుగువాళ్ళ సభకు నేను ఎర్ర నీళ్ళు చేసి పట్టుకెళ్ళాను. జనం ఎగబడ్డారు. మైకు పట్టుకున్నాయన "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "మా కాకినాడ పానకం అండీ, మా అమ్మమ్మ చేసేది" అన్నాను. మా అమ్మమ్మ జన్మలో గోంగూరతో పచ్చడి తప్ప ఇంకోటి చేసి ఎరగదు. కానీ ఎదురుగా మనవాళ్ళు, చప్పట్లు... మంచిదేదైనా మనదేనని చెప్పుకునే జబ్బు మనకు ఉండనే ఉంది కదా. మూడో వరసలో ఆంటీ కూర్చునుంది.

ఇంటికొచ్చాక లిఫ్టు దగ్గర పట్టుకుంది.

"మీ అమ్మమ్మ సేసినాదా? నా పేరు సెప్పకపోతే పీడాపాయె. ఆ పిల్ల అమ్మ కోసం ఏడుస్తా నా వంటింట్ల నిలబడి నేర్పినాది. దాని ఊసెత్తితే నీ నోరు పడిపోద్దా?"

తప్పు దొరికిపోయినవాళ్ళకే కోపమెక్కువ. "గోంగూర గురించి మీరు నాకు చెప్తారా? ముందు సరైన తెలుగు మాట్లాడడం నేర్చుకోండి" అన్నాను.

తాతల నాటి మాటను మూడు తరాలు ఇక్కడ కాపాడుకున్న మనిషితో, నిన్నగాక మొన్న విమానం దిగిన నేను అన్న మాట అది. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత అంతస్తులో ఎవరికీ ఎర్ర నీళ్ళు రాలేదు. లిఫ్టులో ఎదురుపడితే ఇద్దరం అంకెలు చూస్తూ నిలబడేవాళ్ళం. ఆవిడకు బింకం, నాకు పొగరు.

పెద్దకర్మ నాడు వెళ్ళాను. వాళ్ళబ్బాయి నన్ను వంటింట్లోకి పిలిచి ఫ్రీజరు తెరిచాడు. నిండా డబ్బాలు, అన్నిట్లోనూ ఎర్రగా గడ్డకట్టిన నీళ్ళు.

"ఇయి పారబొయ్యాలా అక్కా? ఎవులూ తాగలేరు, ఒకటే పులుపు. అమ్మ పతీ ఆదివారం సేసినాది. సక్కెర ఏసి అందరికీ ఇయ్యి లా అంటే, 'రుసి సూసేది ఎదురింట్ల ఉన్నాది, అది రావాల' అనేది."

నాకు ఏడుపు రాలేదు, మళ్ళీ కోపమే వచ్చింది. రావాలట! మధ్యన ఉన్నది పదడుగుల వరండా. ఒక్కసారి తట్టి "ఏటే" అంటే పరిగెత్తుకు రానా? కానీ తప్పు చేసింది నేను. ముందు తట్టాల్సింది నేను. ఈ మాట ఎవరితో తగువు పెట్టుకుని గెలవను?

డబ్బాలు తీసి కరగబెట్టాను. నీళ్ళు కలిపాను. చక్కెర ఒక్కో చెంచా వేసి రుచి చూస్తూ కూర్చున్నాను. వచ్చినవాళ్ళకు నేనే పంచాను. మా కాకినాడావిడ ఒకతె గుటకేసి, "మీ అమ్మమ్మగారిదేగా!" అంది.

"కాదు. అబద్ధం చెప్పాను. మెక్సికో నుంచి వచ్చిన పిల్ల ఆంటీకి నేర్పింది, ఆంటీ నాకు నేర్పింది" అన్నాను, హాలంతా వినేలా. ఆవిడ గ్లాసు పట్టుకుని బిత్తరపోయింది.

అందరికీ అయ్యాక ఒక డబ్బా మిగిలింది. అందులో చక్కెర వేయలేదు. ఒక గ్లాసు నింపి, దండ వేసిన ఫొటో ముందు పెట్టాను. ఫొటోలో కూడా ఆవిడ నొసలు ముడిచే ఉంది.