ఖాదర్ సాబు వేలు చూపలేదు

ఒక వాక్యం నా గుండెల మీద బండలా ఉండిపోయింది. నేను రాసిన వాక్యమే. ఇన్నేళ్లు దాన్ని మోస్తూ తిన్నాను, నవ్వాను, ప్రార్థనకు మోకరించాను. మీరెవరో నాకు తెలియదు. అయినా మీకు చెప్పకుండా చచ్చిపోవాలంటే భయంగా ఉంది.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో నేను సికింద్రాబాదులో పంతులమ్మని. మాది గుంటూరు వైపు. రజాకార్ల రోజుల్లో జనం పడ్డ బాధలను అడిగి తెలుసుకుని ఒక వారపత్రికకు రాసేదాన్ని. జరిగిందే రాస్తానని నాకు గర్వం.

బోయిగూడలో రాజమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె భర్త లాలాగూడలో రైల్వే పనివాడు. హైదరాబాదు ఇండియాలో కలవాలని నలుగురిలో అనేవాడట. ఒక మధ్యాహ్నం తుపాకులవాళ్లు వచ్చి ఈడ్చుకుపోయారు. మళ్లీ రాలేదు. ఇల్లు ఎవరు చూపించారని అడిగితే తనకు తెలియదంది. పక్కింటి దర్జీ ఖాదర్ సాబు తనను లోపలికి లాగి వాళ్లింటి ఆడవాళ్ల మధ్య దాచాడని, లేకుంటే తానూ దక్కేది కాదని చెప్పింది.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. కథ కుంటింది. అంత ఘోరానికి ఒక ముఖం కావాలనిపించింది. ఆమెను దాచిన మాట అడ్డొచ్చింది, తీసేశాను. తరువాత ఇలా రాశాను: ‘పక్కింటి దర్జీ మాట్లాడకుండా ఆ గుమ్మం వైపు వేలు చూపాడు.’ రాసి మళ్లీ చదువుకున్నాను. సంతోషించాను కూడా. ఎందుకు దాచాలి?

పత్రికలో వచ్చాక ఆ వాక్యాన్నే అందరూ మెచ్చుకున్నారు. దర్జీ పేరు రాయలేదు కదా అని నన్ను నేను సమాధానపరుచుకున్నాను. కానీ రాజమ్మ పక్కింట్లో దర్జీలు ఎందరుంటారు? కొందరు రెజిమెంటల్ బజార్‌లో ఆయన దుకాణం మీద పడి, కుట్టుమిషను రోడ్డు మీదికి విసిరి, ఆయన్ను కొట్టి, రజాకార్ల మనిషని పోలీసులకు అప్పగించారు.

రాజమ్మ బడికి వచ్చింది. అరవలేదు. వరండాలో నిలబడింది.

“టీచరమ్మా, నేను గట్ల చెప్పిన్నా?”

చదివేవాళ్ల మనసుకు పట్టాలంటే కొంచెం కలపక తప్పదన్నాను.

“నా పెనిమిటిని ఎవరో తీస్కపోయిన్రు. ఖాదర్ భాయిని నువ్వు తీస్కపోయినవ్. ఆయన ఇంకా బతికే ఉన్నడు. రాజమ్మ గట్ల చెప్పలేదని మల్ల రాయి.”

రాస్తానన్నాను.

రాయలేదు. ఒక్కటి అబద్ధమని ఒప్పుకుంటే మిగతావాటిని ఎవరు నమ్ముతారు, నిజంగా నష్టపోయినవాళ్ల మాటలు కూడా గాలికి పోవా అని వాదించుకున్నాను. అది న్యాయమైన భయమేనా? కాదు. నా పేరు పోతుందనే భయం. వచ్చే వారం రాద్దామనుకున్నాను. ఆ తరువాతి వారం కూడా అదే అనుకున్నాను. ఇంతలో ఖాదర్ సాబు జైల్లో జ్వరమొచ్చి పోయాడని తెలిసింది. ఆయన భార్య పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయింది. రాజమ్మ దారిలో ఎదురైతే తల తిప్పుకునేది. ఆ తిప్పుకోవడం కూడా నాకు హాయిగా ఉండేది, పలకరించే పని తప్పిందని.

తరువాత నాకు మంచి పేరొచ్చింది. రాయాలని ఉబలాటపడే పిల్లలు వచ్చి కిటుకు చెప్పమనేవారు. చూడనిది రాయకండి, వాళ్లు చెప్పనిది వాళ్ల నోట పెట్టకండి, కథ కుంటితే కుంటనివ్వండి అనేదాన్ని. ఎంత బాగా చెప్పారండీ అనేవారు. ఆ పాఠం ఒక మనిషి ప్రాణం తీసి నేర్చుకున్నానని ఏ ముఖంతో చెప్పను?

క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. మిగిలినా అడిగే హక్కు నాకు లేదు. మీరూ క్షమించవద్దు. రాజమ్మ రాయమన్నది మాత్రం రాస్తున్నాను. రాజమ్మ అలా చెప్పలేదు. ఖాదర్ సాబు ఎవరికీ ఇల్లు చూపలేదు, ఆమెను కాపాడాడు. ఆ అబద్ధం నాది.

రాశాను. ఊపిరి ఆడుతోంది.