చుక్కాని నీది

గుడ్రున్‌కు అరవై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు మునిసిపాలిటీవాళ్ళ బుల్లికారులో కొండవాలు పొలాల చుట్టూ తిరగడంతోనే గడిచాయి. మంచాన పడ్డ ముసలివాళ్ళకు స్నానం చేయించడం, కాళ్ళ పుళ్ళకు కట్లు మార్చడం, వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దిపెట్టడం ఆమె పని. జనవరి మంచులో ఆ కొండదారుల్లో పైకి వెళ్ళడం ఒక ఎత్తు, కిందికి రావడం ఒక ఎత్తు. ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలోనే బ్రేకు గట్టిగా తొక్కి, మంచు మీద జారి, ఒక రైతు బంగాళదుంపల కొట్టులోకి కారుతో సహా వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ అలా జరగలేదు. గేరు తగ్గించి, ఇంజిన్ చేతే బండిని ఆపించుకుంటూ దిగడం ఆమెకు ఊపిరి పీల్చుకున్నంత మామూలైపోయింది.

ఈ సంగతి ఆమె మొగుడు ఓడ్వార్‌కు తెలియదు. తెలుసుకోవాలని అడిగిందెప్పుడు గనక. ఆయన ఫెర్రీ కెప్టెన్. సోన్య ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ మీద కార్లను, లారీలను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరవేస్తూ జీవితమంతా గడిపినవాడు. ఆయన లెక్కలో నడపడం అంటే మూడు వేల టన్నులను నడపడం. గుడ్రున్ చేసింది "కారులో తిరగడం".

రిటైరయ్యాక ఇద్దరూ కలిసి పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. ఇంటికి చక్రాలు పెట్టినట్టుండే ఆ బండిని ఆరేళ్ళు ఆయనే నడిపాడు. క్రూజ్ కంట్రోల్ అంటే ఆయనకు ప్రాణం. మీట నొక్కి వేగం కుదిర్చాక కాళ్ళు చాపుకుని, ఓడలో ఆటోపైలట్ పెట్టి కాఫీ తాగే కెప్టెన్‌లా కూర్చునేవాడు. ఆటోమేటిక్ గేరు పక్కన, కావాలంటే చేత్తో గేరు మార్చుకోవడానికి, ప్లస్సూ మైనస్సూ రాసున్న చిన్న గాడి ఒకటుంది. దాన్ని ఆరేళ్ళలో ఒక్కసారీ ముట్టుకోలేదు.

ఈ వసంతంలో ఆయన వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయాడు. ఏడాదిపాటు స్టీరింగ్ పట్టుకోకూడదన్నాడు డాక్టరు. ఓడ్వార్ మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒక ఉదయం తాళంచెవి బల్ల మీద పెట్టి, "సరే, నువ్వు తిప్పు. నేను పక్కన ఉంటాగా" అన్నాడు.

పక్కన ఉన్నాడు, ఉండి ప్రాణం తీశాడు.

జూన్ నెల, శుక్రవారం. కొండ దాటి, అవతల దిగి, రెండు నలభై ఫెర్రీ అందుకోవాలి. అది ఆయన పాత ఫెర్రీయే. తర్వాతది ఐదు పదికి. ఎక్కుడులో క్రూజ్ డెబ్బై మీద పెట్టి ఉంచమన్నాడు. బండి పాపం ఆ డెబ్బై కోసం గేరు దించుకుంటూ, ఎక్కించుకుంటూ, మళ్ళీ దించుకుంటూ గొంతు చించుకుంది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎరుపు వైపు జరుగుతోందని గుడ్రున్ చెప్పింది. ముల్లుకేం, పాతకాలం ఇంజిన్లు కూడా వేడెక్కేవని ఆయన కొట్టిపారేశాడు. వెనక కార్లు బారు కట్టాయి. ఆమె క్రూజ్ తీసేసి, గాడిలోకి లీవరు తోసి మూడో గేరులో నెమ్మదిగా లాగించింది. ఖాళీ జాగా దొరగ్గానే పక్కకు తీసి అందరికీ దారిచ్చింది. ఓడ్వార్ గడియారం చూసుకుని నిట్టూర్చాడు.

పైన మంచు ఇంకా కరగలేదు. అక్కడ కాఫీకి కూడా ఆగలేదు. దిగుడు మొదలయ్యే చోట తక్కువ గేరు వాడమని బోర్డుంది. ఎనిమిది కిలోమీటర్లు, పదకొండు మలుపులు. గుడ్రున్ చేయి లీవరు మీదికి వెళ్ళింది.

"ఇప్పుడు దాన్నెందుకు కెలుకుతావ్?" అన్నాడు ఓడ్వార్. "అరవై మీద క్రూజ్ పెట్టు. వేగం అదే చూసుకుంటుంది. ఇలా పాకితే ఫెర్రీ మన కళ్ళముందే పోతుంది."

ఏడాదికి సరిపడా అవమానం ఆయన ముఖంలో కనబడుతోంది. ఇంకొంచెం కలపడం ఆమెకు ఇష్టంలేకపోయింది. ఆయనన్నట్టే క్రూజ్ పెట్టింది. ఆ మెతకదనానికి తనను తాను చాలారోజులు తిట్టుకుంది తర్వాత.

ఆ బండి క్రూజ్‌కు ఇంజిన్‌కు డీజిలు పోయడం తెలుసు, ఆపడం తెలియదు. వాలులోకి దిగగానే బండి బరువు దాని దారి అది చూసుకుంది. అరవై రెండు, అరవై ఆరు, డెబ్బై ఒకటి. వెనక అరల్లో పళ్ళేలు గలగలలాడాయి. మొదటి మలుపు ముందు గుడ్రున్ బ్రేకు తొక్కి ముప్పై ఐదుకు తెచ్చింది. బ్రేకు తొక్కితే క్రూజ్ ఊడిపోతుంది. మలుపు తిరిగి, బండి నలభై అందుకుందో లేదో, ఓడ్వార్ పక్కనుంచి చేయి చాచి స్టీరింగ్ మీది మీట నొక్కాడు. పాత వేగానికి తిరిగి రమ్మనే మీట అది.

బండి ముందుకు దూకింది. దిగుడులో, తర్వాతి మలుపు మీదికి.

గుడ్రున్ బ్రేకు మళ్ళీ తొక్కింది. రెండో మలుపు, మూడో మలుపు. నాలుగో మలుపు దాటాక ఆయన చేయి మళ్ళీ వచ్చింది, మళ్ళీ నొక్కింది. సముద్రం మీద దారి నుంచి తొలగిన ఓడను తిరిగి దారిలో పెట్టినంత మామూలుగా చేశాడు ఆ పని. ఐదో మలుపుకు ముందు కాలిన వాసన వచ్చింది. ఎవరో ఇస్త్రీపెట్టె బట్ట మీద మరిచిపోయినట్టుంది. బ్రేకు పెడలు మెత్తబడింది. ఇంతకుముందు సగం తొక్కితే పట్టేది, ఇప్పుడు దాదాపు అడుగుదాకా పోయింది. కుడివైపు ఇనుప కమ్మీ, దాని అవతల గాలి, చాలా కింద నీలంగా నీళ్ళు.

ఓడ్వార్ చేయి ఇంకోసారి లేచింది.

గుడ్రున్ అరవలేదు. మంచంలో పెనుగులాడే ముసలివాళ్ళతో ముప్పై ఒక్క ఏళ్ళు మాట్లాడిన గొంతుతోనే మాట్లాడింది.

"ఓడ్వార్. చుక్కాని నాకు అప్పగించు."

ఆయన చేయి గాలిలోనే ఆగింది. ఫెర్రీలో డ్యూటీ మారేటప్పుడు కెప్టెన్లకొక పద్ధతి ఉంది. దిగేవాడు "చుక్కాని నీది" అంటాడు. ఎక్కేవాడు "చుక్కాని నాది" అంటాడు. ఆ రెండు మాటలూ అయిపోయాక, పక్కన నిలబడ్డవాడు ఎంతటి మొనగాడైనా సరే, అవతలివాడి పనిలో చేయి పెట్టడు. చుక్కాని ఇద్దరిదైన ఓడ గట్టుకు గుద్దుకుంటుందని ఓడ్వారే కుర్రాళ్ళకు నేర్పేవాడు. ఏప్రిల్లో బల్ల మీద తాళంచెవి పెట్టాడే గాని, ఆ మాట మాత్రం అనలేదు.

"గుడ్రున్, ముందు…"

"మాట చెప్పు."

బండి యాభై దాటింది. మలుపు కనబడుతోంది.

"చుక్కాని నీది," అన్నాడు ఓడ్వార్.

"నాది," అంది గుడ్రున్. క్రూజ్ పూర్తిగా ఆపేసింది. లీవరు గాడిలోకి తోసి మైనస్ వైపు లాగింది, మూడు. ఇంజిన్ గట్టిగా మూలిగింది. మళ్ళీ లాగింది, రెండు పడలేదు. వేగం ఎక్కువుంటే గేరు ఒప్పుకోదు. మిగిలిన బ్రేకునంతా ఒక్క పట్టున తొక్కి, మూడు అంకెలు లెక్కపెట్టి వదిలేసింది. మళ్ళీ తొక్కింది, వదిలింది. నలభై ఐదు. నలభై. మలుపు ముక్కు మీదికొచ్చింది. లాగింది. ఈసారి పడింది.

ఇంజిన్ గోల ఎంత పెద్దదంటే వెనక పళ్ళేల చప్పుడు కూడా వినబడలేదు. సీటు బెల్టు ఇద్దరి భుజాలనూ కోసింది. బండి ముక్కు కమ్మీ వైపు వెళ్ళి, గజం దూరం మిగిల్చి, తిరిగింది. ఓడ్వార్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజిన్ పేలిపోతుందని ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఆగి ఉంటుంది.

ఆరో మలుపు దాటాక పక్కన చదునైన జాగా దొరికింది. గుడ్రున్ బండి ఆపి, దిగి, చక్రాల కింద చెక్క దిమ్మలు తోసింది. ముందు చక్రాల నుంచి పొగ సన్నగా లేస్తోంది. ఓడ్వార్ నీళ్ళ డబ్బా పట్టుకుని దిగబోయాడు. వేడి ఇనుము మీద నీళ్ళు పోస్తే పగులుతుందని చెప్పి ఆమె డబ్బా లోపల పెట్టించింది. ఇద్దరూ రాతి మీద కూర్చుని గోధుమరంగు చీజ్ పెట్టిన రొట్టె తిన్నారు. రెండు నలభైకి కింద ఫెర్రీ కూత వేసి కదిలింది. అంత ఎత్తు నుంచి అది అగ్గిపెట్టెంత ఉంది. ఓడ్వార్ అది అవతలి గట్టు చేరేదాకా చూశాడు.

"మీట నొక్కింది నేను," అన్నాడు. "రెండుసార్లు."

"పెట్టమన్నప్పుడు పెట్టింది నేను," అంది ఆమె. అంతకన్నా ఓదార్చడానికి ఆమె దగ్గర ఓపిక లేదు. కోపం ఉంది. చాలా ఉంది.

గంట తర్వాత, బ్రేకు పెడలు మళ్ళీ గట్టిపడ్డాక, మిగిలిన ఐదు మలుపులూ రెండో గేరులోనే దిగారు. పాతికా ముప్పై మధ్య. వెనక వచ్చినవాళ్ళకు ఖాళీ జాగా దొరికినప్పుడల్లా దారిచ్చింది. మొత్తం మీద బ్రేకు ఏడెనిమిదిసార్లే తొక్కి ఉంటుంది.

ఐదు పది ఫెర్రీకి వరసలో ముందున్నారు. డెక్కు మీద పనిచేసే ఐవిండ్ పాత కెప్టెన్‌ను దూరం నుంచే గుర్తుపట్టి, నవ్వుకుంటూ సరాసరి ఓడ్వార్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏంటి కెప్టెన్‌గారూ, రెండు నలభైకే వస్తారని చూశాం. మీక్కూడా ఫెర్రీ తప్పిపోతుందా? ఈ ఏనుగును ఎక్కడ పెడతారో చెప్పండి, ఎడమ వరసలోనా, మధ్యలోనా?"

ఓడ్వార్ ముందుకే చూస్తూ, "నన్నడక్కు," అన్నాడు. "చుక్కాని ఆవిడది."

ఐవిండ్ నవ్వు ఆపి ఒక క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత బండి ముందు నుంచి చుట్టూ తిరిగి గుడ్రున్ కిటికీకి వచ్చాడు. "మధ్యలో," అంది ఆమె.

బండి నిలిచి, చేతి బ్రేకు పడ్డాక కూడా ఆమె చేతులు స్టీరింగ్ మీంచి తీద్దామంటే రాలేదు. ఓడ్వార్ ఆ చేతులను చూశాడు. దిగి, మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ఆ ఫెర్రీలో ఆయన పనిచేసినన్నాళ్ళూ కాఫీ ఎవరో ఒకరు ఓడ నడిపే పై గదికి తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ రోజు ప్రయాణికుల వరసలో, ఐస్‌క్రీం కోసం వచ్చిన పిల్లల వెనక నిలబడ్డాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి కొత్తది, ఆయనెవరో ఎరగదు.

"రెండు కాఫీలు," అన్నాడు ఓడ్వార్. "ఒకటి స్ట్రాంగుగా పోయమ్మా. అది డ్రైవరుకి."