పంటు ఎక్కిన బాతు

మొన్న ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర ఒక కోడలు పిల్ల నన్ను ఆపింది. చంకలో చంటిది, చెయ్యి పట్టుకుని ఇంకో ఐదేళ్ళ పిల్ల. "మామ్మగారూ, పెద్దదాన్ని సిస్టర్ల బడిలో వేద్దామనుకుంటున్నామండి. చదువు బాగా చెబుతారాండి అక్కడ?" అని అడిగింది. అవునమ్మా అంటే సరిపోయేది. నేను మొదలుపెట్టాను. వాళ్ళాయన మోటారు సైకిలు స్టార్టు చేశాడు, ఆపాడు, మళ్ళీ స్టార్టు చేశాడు, చివరికి స్టాండు వేసి తనూ వచ్చి నిలబడ్డాడు. చంటిది నిద్రపోయింది. అయినా నేను చెప్పాల్సినదాంట్లో సగం కూడా కాలేదు. ఆ మిగతా సగం ఇది.

మా ఊరు రాజోలు నుంచి సఖినేటిపల్లి పోయే దారిలో ఉంది. కాలువ దాటగానే సిస్టర్ల బడి. ఐదు తరగతులు, ఐదు గదులు, వాటన్నిటి ముందూ ఒకే పొడుగాటి వరండా. మా అమ్మాయి అమలాపురం ఆసుపత్రిలో నర్సు, పొద్దున్నే డ్యూటీకి వెళితే చీకటి పడ్డాకే రావడం. అల్లుడుగారు ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల మీద ఉంటారు. అందుకని మనవరాల్ని బడికి దింపడం, తేవడం నా వంతు. బడికి పెద్ద సిస్టరుగారే హెడ్‌మిస్ట్రెస్. రెండో తరగతి చదువు కూడా ఆవిడే చెప్పేవారు. ఆవిడది కేరళ. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు కాబట్టి మా అందరికంటే శుభ్రంగా మాట్లాడేవారు. మేము "ఎల్లొస్తామండి" అంటే ఆవిడ "వెళ్ళి రండి" అని వత్తుతో సహా పలికి పంపేవారు. ఇంటికొచ్చి ఆ మాట నేను ఒకటి రెండుసార్లు అని చూసుకునేదాన్ని.

రెండో తరగతి గదిలో గోడకి ఈ చివర్నుంచి ఆ చివరికి కొబ్బరి తాడు కట్టి, దాని మీద బట్టలారేసినట్టు సన్నటి కథల పుస్తకాలు వేలాడేసేవారు. పిల్లలు రోజుకో పుస్తకం తీసుకుని ఇంటికి తేవాలి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుని ఒక పేజీ చదివించుకోవాలి. తప్పు లేకుండా చదివితే చిన్న నోటుబుక్కులో నక్షత్రం గియ్యాలి. చదువు బళ్ళో అయిపోతే చాలదు, ఇంటి గడప కూడా దాటాలని సిస్టరుగారి పట్టు. మా ఇంట్లో సాయంత్రం ఉండే పెద్దదాన్ని నేనే. నేను లేసు అల్లుకుంటూ అరుగు మీద కూర్చుంటే మనవరాలు పుస్తకం విప్పేది. ఎంత బాగా చదివేదనుకున్నారు. ఒక్కచోట ఆగేది కాదు, తడబడేది కాదు. బొమ్మలో బాతు ఉంటే, ఆ బాతు నర్సాపురం సంతకి బయల్దేరేది, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేది. టిక్కెట్టు అడిగితే "నాకు ఈతొచ్చు, టిక్కెట్టెందుకండీ" అనేది. "ఈతొస్తే నీళ్ళలో దిగవమ్మా, పంటు మీదెందుకు" అనేవాడు టిక్కెట్లు కొట్టే ఆయన. నవ్వలేక నా చేతిలో కొక్కెం జారిపోయేది. ఇంత మంచి పుస్తకాలు రాసేవాళ్ళు కూడా ఉన్నారా అనుకుని, ఒక నక్షత్రం వెయ్యాల్సిన చోట ఒక్కోరోజు రెండు వేసేదాన్ని.

నెలాఖరు శనివారం ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళని పిలిచి, వాళ్ళ ముందు పిల్లల చేత చదివించడం ఆ బడి పద్ధతి. తరగతిలో అందరికంటే ఎక్కువ నక్షత్రాలు మా పిల్లవే కాబట్టి ముందు దాన్నే లేపారు. నేను వెనక బెంచీ మీద జరీ అంచు చీరలో కూర్చున్నాను. మిగతా పిల్లలందరి చేతుల్లోనూ అదే బాతు పుస్తకం. మనవరాలు నిలబడి, గొంతు సవరించుకుని, బాతుని పంటు ఎక్కించింది. రెండో మాటకే పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"సిస్టర్, మా పుస్తకంలో బాతు పంటు ఎక్కలేదండి."

నాకు కోపం వచ్చింది. "నీది పాత పుస్తకమేమోనమ్మా, సరిగ్గా చూసుకో" అన్నాను వెనక నుంచి.

ఆ పిల్ల పుస్తకం తిరగేసి అట్ట చూసింది. "రెండూ ఒకటేనండి. ఇందులో 'ఇది బాతు. బాతు నీటిలో ఈదును' అనే ఉందండి."

సిస్టరుగారు ఒకసారి నోటుబుక్కులో నా నక్షత్రాల్ని చూశారు, తరవాత నన్ను చూశారు. ఆ చూపుతో నాకూ అర్థమైంది. మా పిల్లకి ఒక్క అక్షరం కూడా చదవడం రాదు. బొమ్మ చూసి, నేను రోజూ చెప్పే కథల మాదిరే ఒకటి అల్లి చెబుతోంది. నేను దానికి నక్షత్రాలు గీస్తున్నాను. బల్ల కిందకి దూరిపోదామనిపించింది. సిస్టరుగారు మాత్రం చేతిలో పుస్తకం మూసి, "తరవాత ఏం జరిగింది? బాతు నర్సాపురం చేరిందా?" అని అడిగారు. మనవరాలు కథంతా చెప్పింది. ఆవిడ చప్పట్లు కొడితే పిల్లలందరూ కొట్టారు, రెండు జడల పిల్లతో సహా.

అందరూ వెళ్ళాక నన్ను వరండాలో కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "మామ్మగారూ, ఈ పిల్ల తెలివికి లోటు లేదు. కానీ మూడో తరగతి నుంచి లెక్కలైనా సైన్సైనా చదువుకుని అర్థం చేసుకోవాలి. వేసవి సెలవుల లోపల చదవడం రాకపోతే తరవాత ఏ పుస్తకమూ ఈమెకు తెరుచుకోదు. నోటితో ఎంతకాలం నెట్టుకొస్తుంది?"

"తప్పు నాదేనండి" అన్నాను. "నాకు చదవడం రాదండి. రెండో తరగతి సగంలో మా అమ్మ నన్ను ఊడ్పులకి తీసుకెళ్ళిపోయింది. సంతకం ఒక్కటే చేస్తానండి. అదీ మా అల్లుడుగారి ముందు చెయ్యను, వంకరగా వస్తాదని."

ఈ మాట నా కూతురికి కూడా నేనెప్పుడూ చెప్పలేదు. లేసు డిజైన్ల కాగితం ముందు పెట్టుకుని చదువుతున్నట్టే ఉండేదాన్ని. సిస్టరుగారు జాలి పడలేదు. "అయితే సోమవారం నుంచి ఇద్దరూ రండి" అన్నారు, ఇద్దరి పేర్లూ రిజిస్టరులో ఉన్నట్టే.

అలా అరవై దాటాక నేను మళ్ళీ బడికి వెళ్ళాను. పొద్దున్న గంటసేపు ఒకటో తరగతి గదిలో, చిన్నపిల్లల పక్కన చాప మీద. అక్కడ పలకల కంటే ముందు పళ్ళేల్లో గోదావరి ఇసక పోసి వేలితో దిద్దిస్తారు. తప్పైతే పళ్ళెం ఒక్కసారి కుదిపితే చాలు, ఇసక మళ్ళీ చదునవుతుంది, ఎవరికీ తెలియదు. నా పక్కన కూర్చునే చిట్టిది "మామ్మగారండి, మీ 'ఱ' పడిపోతందండి, పట్టుకోండి" అని నాకు పాఠం చెప్పేది. ఆయ్, అలాగేనమ్మా అనేదాన్ని.

మధ్యాహ్నం భోజనాల తరవాత మా మనవరాలికీ నాకూ సిస్టరుగారు విడిగా చెప్పేవారు. పద్ధతి ఆవిడదే. మనవరాలు చెప్పిన పంటు కథే పెద్ద చార్టు మీద రోజుకి మూడు వాక్యాలు రాసేవారు, అది అన్న మాటలు అన్నట్టే. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరాలు భయపెట్టేవి కావు. కానీ ఆ పిల్ల ఊరుకుంటుందా. నాలుగో మాట దగ్గర బాతుకి గొడుగు తగిలించేది. "గొడుగు ఎక్కడ రాశాను? చూపించు" అనేవారు సిస్టరుగారు. "ఎండగా ఉంది కదండి సిస్టర్" అనేది ఇది. "ఎండగా ఉందని కూడా నేను రాయలేదు" అనేవారు ఆవిడ, నవ్వకుండా.

ఈ రెండు పాఠాల మధ్య ఖాళీలో వరండాలో లేసు అల్లుకుంటూ మిగతా తరగతులన్నీ చూసేదాన్ని. మూడో తరగతి టీచరుగారు కొబ్బరికాయలు రాశి పోసి ఎక్కాలు చెప్పేవారు. చేతికి రెండు చొప్పున రెండు చేతులకీ నాలుగు, అది ఒక పుంజీ. "పదిహేను పుంజీలు ఎన్ని?" అని పిల్లల్ని అడిగితే నేను కిటికీలోంచి "అరవై" అనేశాను. తరవాత నుంచి ఆయన ప్రశ్న వేసేముందు కిటికీ వైపు చూసి, నన్ను నోరు మూసుకోమని సైగ చేసేవారు. నాలుగో తరగతి పిల్లలు వానాకాలంలో పెరట్లో మట్టితో గోదావరి పాయలు చేసి, చింతపిక్కలతో ఊళ్ళు పెట్టి, చెంబుతో నీళ్ళు వదిలేవారు. "టీచరుగారండి, మా దిండి కొట్టుకుపోయిందండి" అని ఒకడంటే, "గట్టు వేసుకోవాలి మరి" అనేవారు ఆ టీచరుగారు. శుక్రవారం చివరి గంటలో ఐదో తరగతి వాళ్ళు ఒకటో తరగతి గదిలోకి వచ్చి, తలా ఒక చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదువు వినేవారు. కసురుకోవడం ఒక్కరి దగ్గరా చూడలేదు. వాళ్ళనీ ఒకప్పుడు ఎవరో అలాగే విన్నారు కదా.

వేసవి సెలవులకి ఇంకో నెల ఉందనగా సిస్టరుగారు చార్టులు చుట్టేసి, తాడు మీద నుంచి మా ఇద్దరికీ తెలియని పుస్తకం ఒకటి ఇచ్చి పంపారు. ఆ సాయంత్రం అరుగు మీద మనవరాలు చదువుతోంది. నేను లేసు పక్కన పెట్టి పేజీ మీద వేలు పెట్టుకుని దానితో కూడా వెళుతున్నాను. మూడో వరస నుంచి ఐదో వరసకి దూకింది.

"ఆగమ్మా" అన్నాను. "ఈ వరస వదిలేసేవు."

"నీకెలా తెలుసు అమ్మమ్మా?"

"చదివేను."

అది నా వేలు ఆగిన వరస వంక చూసి, పుస్తకం మూసేసింది. ఆ రోజు నక్షత్రం వెయ్యలేదు. పిల్ల ఏడ్చింది, అన్నం తిననంది, వాళ్ళమ్మ వచ్చి "ఒక్కటి వేసెయ్యవే అమ్మా" అని బతిమాలింది. వేసెయ్యాలని నాకూ ఉంది. వెయ్యలేదు. మర్నాడు అదే పేజీ మళ్ళీ విప్పుకుని, వరసలేవీ దాటకుండా, తన సొంత మాట ఒక్కటి కూడా కలపకుండా, కష్టమైన మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, నన్నూ ఆపి, ఇద్దరం కలిసి కిందదాకా వచ్చాం. ఒక్క పేజీకి పావుగంట పైనే పట్టింది. దానికి ముందు నాకు పట్టిన అరవై ఏళ్ళ పక్కన పెట్టి చూసుకుంటే, ఆలస్యమైందని నాకెక్కడా అనిపించలేదు.